ఒడిశాలోని రాయగడలో క్రిస్మస్, భోగి సంబరాలు: చెత్త మిగలని ఏర్పాట్ల గురించి

కార్యదర్శి:

సభ్యులందరికీ నమస్కారం. ఈసారి క్రిస్మస్ కలయికను, భోగి సంబరాన్ని మన సంఘం ఆవరణలోనే జరపాలని కార్యవర్గం నిశ్చయించింది. రెండింటికీ కలిపి ఒకే ఏర్పాటు చేసుకుంటే డిసెంబరులో కొన్న సామాను జనవరికీ పనికొస్తుంది. పండుగ మర్నాడు ఆవరణలో ముగ్గు తప్ప మరేమీ మిగలకూడదన్నది మా ఉద్దేశం.

చట్టం సంగతి ముందే చెప్పుకుంటే మంచిది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్, మిఠాయి పెట్టెలకు చుట్టే పలుచని పొర, 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదోవంతు) కంటే పలుచని పీవీసీ ప్లాస్టిక్ బ్యానర్లు, ఇవన్నీ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. ప్లాస్టిక్ చేతిసంచి 120 మైక్రాన్ల కంటే పలుచనిదైతే, 2022 డిసెంబరు 31 నుంచి అదీ నిషేధమే. బజారులో ఇంకా దొరుకుతున్నాయి కదా అని కొనవద్దని కొనుగోళ్ళు చూసేవారికి మనవి.

బ్యానరు గుడ్డమీద రాయిద్దాం. తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి, సంవత్సరం మాత్రం వేయించవద్దు. ఆ నాలుగు అంకెల మూలంగానే ఏటేటా కొత్త బ్యానరు కొనవలసి వస్తోంది.

వంటల బాధ్యురాలు:

కార్యదర్శి గారికి నమస్కారం. విస్తళ్ళ సంగతి నాకు వదిలిపెట్టండి. విశాఖపట్నం నుంచి చెరకుపిప్పి పళ్ళేలు తెప్పిద్దామని ఒకరిద్దరు అన్నారు. అవి మంచివే కావచ్చు గానీ, చుట్టూ కొండల మీద అడ్డాకు తీగ అల్లుకుని ఉండగా లారీలో పళ్ళేలు దింపుకోవడం నాకు సబబుగా తోచలేదు. ఒడియావారు సియాళి అనే ఈ ఆకును కొండమీది ఆడవాళ్ళు కోసి, ఆరబెట్టి, పుల్లలతో కుట్టి సంతకు తెస్తారు. విస్తరి, దొన్నె రెండూ దొరుకుతాయి. మనం కొంటే ఆ డబ్బు నేరుగా వాళ్ళ చేతికే చేరుతుంది. అయితే నాలుగు వందల విస్తళ్ళు ఒక్క సంతలో దొరకవు కనుక రెండు మూడు వారాల ముందే చెప్పి ఉంచాలి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. యంత్రం మీద అదిమి చేసిన ఆకుపళ్ళేలు కొన్నింటికి అడుగున పలుచని ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. పైకి ఆకులాగే కనిపిస్తుంది గానీ అంచు దగ్గర చించి చూస్తే ఆకు ఒకవైపు చిరిగి, మెరిసే పొర రెండోవైపు సాగుతుంది. అలాంటివి పశువులకు వేయకూడదు, ఎరువు గుంటలోనూ కుళ్ళవు. కాగితపు గ్లాసు కూడా ఈ కోవలోదే. రాత్రంతా నీళ్ళలో నాననిచ్చి గోటితో గీరితే లోపలి పొర ఊడి వస్తుంది. అందుచేత టీకి, అంబలికి స్టీలు గ్లాసులే అద్దెకు తెద్దాం. కడగడానికి మనుషులు కావాలన్న మాట నిజమే, ఆ పనికి కుర్రవాళ్ళను కూడా పిలవండి. ఎప్పుడూ ఆడవాళ్ళ పేర్లే రాయకండి.

పొద్దున్న చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం పులిహోర, పప్పు, గుమ్మడికాయ కూర, చక్కెర పొంగలి. పక్కవీధి ఒడియా కుటుంబాలవారు కొత్త బియ్యం, బెల్లం, కొబ్బరి, అరటిపండు కలిపి మకర చౌళ చేసి తెస్తామన్నారు. వారికి మనం అరిసెలు పంపుదాం. అరిసెలు ఇళ్ళకు పట్టుకెళ్ళేవారు ఎవరి డబ్బా వారే తెచ్చుకోవాలి, డబ్బా మరిచినవారికి అడ్డాకు పొట్లమే గతి.

విశ్రాంత ఉపాధ్యాయులు:

భోగి మంట గురించి నాలుగు మాటలు చెప్పవలసి ఉంది. పాతకాలపు పద్ధతులన్నీ ప్రకృతికి మేలు చేసేవేనని మనవాళ్ళు సులువుగా అనేస్తారు. మంట విషయంలో నేను ఆ మాట ఒప్పుకోను. మన ఊరు కొండల నడుమ ఉంది. చలికాలపు వేకువన చల్లగాలి బరువెక్కి పల్లంలో నిలుస్తుంది, దాని మీది గాలి కాస్త వెచ్చగా ఉండి మూతలాగా కమ్ముతుంది. ఆ వేళ వేసిన మంట పొగ పైకి పోదు, ఎండ పొడిచి నేల వేడెక్కేదాకా ఇళ్ళ మధ్యనే తిరుగుతుంది. పిడకలైనా కట్టెలైనా పొగ పొగే, ఉబ్బసం ఉన్న పెద్దలకు, పసిపిల్లలకు ఆ రెండు గంటలు నరకం. అలాగని మంట మానేద్దామని నేను అనడం లేదు. వీధికొకటి కాకుండా అందరికీ కలిపి ఒక్కటే, అదీ చిన్నది వేద్దాం.

దానిలో ఏం వేస్తామన్నది అంతకన్నా ముఖ్యం. ఇంట్లో పాతవన్నీ భోగి మంటలో వేయాలన్న అలవాటు పుట్టిన రోజుల్లో పాతవంటే విరిగిన నాగలి, చివికిన తడక, అరిగిన చీపురు. ఇప్పటి పాతసామానులో రంగు వేసిన తలుపులు, ప్లైవుడ్డు, రెగ్జిన్ సీట్లు, సైకిలు టైర్లు ఉంటున్నాయి. పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి, డయాక్సిన్లనే విషపదార్థాలు వెలువడతాయి. ప్లైవుడ్డును అతికించే జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. అటువంటి బూడిద మొక్కలకు కూడా పనికిరాదు. రాలిన ఎండుకొమ్మలు, పిల్లలు గుచ్చిన పిడకల దండలు మాత్రమే వేద్దాం. పచ్చి చెట్టు మీద కత్తి పడకూడదు. మంట పక్కన ఒకరు నిలబడి, సంచిలో ఏమి తెచ్చారో చూసి మరీ లోపలికి పంపాలి. ఆ పని నేను చేస్తాను, నా మాట ఎవరూ తీసెయ్యరు.

మైకు విషయం కూడా ఇక్కడే చెబుతాను. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా మైకు గాని, వాద్యం గాని వాడరాదు. కనుక ఆరు కొట్టేవరకూ డప్పు కూడా వద్దు, నోటితో పాడుకుందాం. తరువాత హరిదాసు వస్తే ఆయన గొంతుకు మైకు అవసరం లేదు.

అలంకరణ చూసే సభ్యుడు:

మాష్టారూ, నమస్కారం. క్రిస్మస్ నక్షత్రాలకు మా నాన్నగారు వెదురు బద్దలు చీల్చి చట్రాలు కడతానన్నారు. రంగు కాగితం అంటించడానికి మైదాపిండి జిగురు సరిపోతుంది. చట్రాలను అటక మీద దాచుకుంటే వచ్చే ఏడాది కాగితం మాత్రం మార్చుకోవచ్చు. యేసు పుట్టిన పశువుల పాక నమూనాకు థర్మోకోల్ బదులు వరిగడ్డి, వెదురుతడిక వాడతాం, సంక్రాంతికి ఆ గడ్డే గంగిరెద్దుకు మేత. దీపాలు ఎల్‌ఈడీవే, రాత్రి పదికి ఆర్పేస్తాం. గాలిపటాలకు నూలుదారమే ఇస్తాం, నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది.

బాలల కార్యక్రమాల బాధ్యురాలు:

భోగిపళ్ళ విషయంలో ఒక మనవి. రేగిపళ్ళు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిరేకులు, చిల్లరడబ్బులు వరకే ఉంచుదాం. ఈ మధ్య చాక్లెట్లు కూడా కలుపుతున్నారు. దిష్టి తీసిన తరువాత చాప దులిపితే రేగిపళ్ళకన్నా మెరుపు కాగితాలే ఎక్కువ రాలుతున్నాయి. పిల్లలు అలుగుతారంటే ఇంట్లో చేసిన నువ్వుండలు పెడతాను.

ముగ్గుల పోటీకి వరిపిండే వాడాలని నియమం పెట్టాను, చీమలూ పిచ్చుకలూ తింటాయి. మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్ళవాళ్ళు లక్ష్మీపూజకు బియ్యపు పిండిని నీళ్ళలో కలిపి ఝోటి అనే ముగ్గు వేస్తారు కదా, ఆ పద్ధతిలో వేసేవారికి కూడా చోటు కేటాయిస్తున్నాను. రంగులకు పసుపు, కుంకుమ, పూలరేకులు చాలు. గొబ్బెమ్మలను పారవేయవద్దు, గోడకు కొట్టి ఎండబెడితే రథసప్తమినాటి పాయసానికి పిడకలవుతాయి.

కార్యదర్శి:

అందరి మాటలూ చదివాను. మంట ఒక్కటే అన్న నిర్ణయానికి ఇద్దరు అభ్యంతరం చెప్పారు. వారితో నేనూ మాష్టారు గారూ మాట్లాడతాం, కానీ నిర్ణయం మారదు. ఎంగిలి విస్తళ్ళను, కూరగాయల తొక్కలను వేరు గంపల్లో పోసి పురపాలక సంఘం ఎరువు కేంద్రానికి పంపుదాం. తడి, పొడి కలిపితే వాళ్ళు తీసుకోరు కనుక గంపల దగ్గర భోజనాల వేళంతా ఒకరు ఉండాలి.

మునిగుడ, బిస్సంకటక్, తెరువలి నుంచి వచ్చేవారు రైలులో రావచ్చు. స్టేషను నుంచి ఆటోలు ఏర్పాటు చేస్తాం. గుణుపురానికి ఇటునుంచి రైలు లేదు గనుక అక్కడివారు ఎవరి కారులో వారు రాకుండా ఒకే వ్యాను మాట్లాడుకుంటే మంచిది, ఖర్చులో సగం సంఘం భరిస్తుంది.

అడ్డాకు విస్తళ్ళకు వచ్చే సంతలోనే బయానా ఇవ్వాలి. మీ ఇంటినుంచి ఎంతమంది వస్తారో బుధవారంలోగా ఇక్కడ రాయండి, పండక్కి వచ్చే అల్లుళ్ళను, చుట్టాలను కూడా లెక్కలో చేర్చండి.