యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా చేరే ముందు ఏ కాగితాలు అడగాలి?

కెమిస్ట్రీ_హన్మకొండ

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) ఉంది. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో కోర్సు వర్క్ అయిపోయింది, ప్రయోగాలు నడుస్తున్నాయి. ఇప్పుడు రెండు అవకాశాలు వచ్చాయి. ఒకటి ఇక్కడే యూనివర్సిటీ పీజీ డిపార్ట్‌మెంట్‌లో పార్ట్‌టైమ్ లెక్చరర్. పీరియడ్ లెక్కన రెమ్యూనరేషన్, ఆర్డర్ సెమిస్టర్ వరకే. థియరీ వారానికి 8 గంటలు, ప్రాక్టికల్స్ రెండు బ్యాచ్‌లు. రెండోది హుజూరాబాద్‌లో ప్రైవేట్ డిగ్రీ కాలేజీ. నెల జీతం, కానీ వారానికి 24 పీరియడ్లు, పైగా రోజూ బస్సు ప్రయాణం.

పార్ట్‌టైమ్‌లో చేసిన ఏళ్లు రేపు అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అనుభవంగా పనికొస్తాయా? ఇన్విజిలేషన్, ఇంటర్నల్స్, నాక్ (కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ) ఫైళ్లు కూడా మన మీదే వేస్తారని అంటున్నారు, వాటికి లెక్క ఉంటుందా? చేరే ముందు ఏం అడిగి రాయించుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

వర్క్‌లోడ్_లెక్కలు

అనుభవం సంగతి ముందు చూద్దాం మేడం, అసలు చిక్కు అక్కడే. యూజీసీ 2018 జూలై 18 నాటి రెగ్యులేషన్స్‌లో పదో క్లాజ్ తీసి చదవండి. కాంట్రాక్ట్, అడ్‌హాక్, టెంపరరీ, పేరు ఏదైనా సరే, పాత సర్వీసు లెక్కలోకి రావాలంటే మీలాంటి వాళ్లకు మూడు షరతులు ముఖ్యం. చేరేనాటికి ఆ పోస్టుకు కావలసిన అర్హత ఉండాలి. నిబంధనల ప్రకారం వేసిన సెలక్షన్ కమిటీ సిఫారసు మీద తీసుకొని ఉండాలి. కోతలకు ముందు వచ్చే మొత్తం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రాస్ జీతానికి తగ్గకూడదు.

మొదటిది మీ నెట్‌తో తీరిపోయింది. రెండోది కాగితం ఉంటే తీరుతుంది. పార్ట్‌టైమ్ వాళ్లు ఆగిపోయేది మూడో దగ్గర. ఏడో వేతన సవరణలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనమే 57,700 రూపాయలతో మొదలవుతుంది, దానికి డీఏ, హెచ్‌ఆర్‌ఏ కలుస్తాయి. గెస్ట్ ఫ్యాకల్టీకి యూజీసీ 2019లో చెప్పిన రేటు పీరియడ్‌కు 1,500, నెలకు 50,000 మించకూడదు. అంటే నెలలో 34వ పీరియడ్ దాటాక చెప్పే పాఠానికి పైసా రాదు. రాష్ట్ర వర్సిటీలు తమ రేటు తామే పెట్టుకుంటాయి కాబట్టి మీ ఆర్డర్‌లో ఉన్న అంకెనే నమ్మండి. ఎంత మంచి రేటైనా పీరియడ్ లెక్కన ఆ గ్రాస్‌ను అందుకోవడం కష్టం.

ఇంటర్వ్యూకు పిలిచే మార్కుల పట్టిక మాత్రం వేరు. అదే రెగ్యులేషన్స్‌లో యూనివర్సిటీ పోస్టుల పట్టికలో బోధనానుభవానికి ఏడాదికి 2 మార్కులు, గరిష్ఠం 10. పరిశోధన వ్యాసానికి 2 చొప్పున గరిష్ఠం 10. నెట్‌కు 5. పీహెచ్‌డీకి 30. ఈ మార్కులు షార్ట్‌లిస్టు వరకే, పార్ట్‌టైమ్ అనుభవాన్ని అందులో కలుపుతారా లేదా అన్నది ఆ నోటిఫికేషన్ షరతుల్లో చూడాలి. ఎట్లా చూసినా అయిదేళ్లు పాఠం చెప్తే వచ్చేది 10, థీసిస్ పూర్తయితే వచ్చేది 30. కాబట్టి మీ ల్యాబ్ పని ఏ ఉద్యోగంలో ఆగకుండా నడుస్తుందో అదే ఎంచుకోండి. 24 పీరియడ్లు, రోజూ హుజూరాబాద్ బస్సు పెట్టుకుని సింథసిస్ చెయ్యడం జరిగే పని కాదు. 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో గడువు 6 ఏళ్లు, రీరిజిస్ట్రేషన్‌తో ఇంకో 2, మహిళలకు మరో 2. గడువు పెద్దదే అనిపిస్తుంది గానీ సెమిస్టర్ పరీక్షలు, వాల్యుయేషన్ల మధ్య అది తెలియకుండానే కరిగిపోతుంది.

ఇక వర్క్‌లోడ్. పూర్తికాలం టీచర్‌కు వారానికి 40 గంటలు, ఏడాదికి 30 వారాలు, అంటే 180 బోధన దినాలు. అందులో నేరుగా క్లాసులో ఉండాల్సింది అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 16 గంటలు, అసోసియేట్‌కూ ప్రొఫెసర్‌కూ 14. మిగతా గంటల్లోనే ఇంటర్నల్స్, విద్యార్థుల మార్గదర్శనం, పరిశోధన, కమిటీ పనులు. రెగ్యులర్ వాళ్లకు ఆ గంటలకూ జీతం ఉంది, మీకు లేదు. అందుకే నాక్ ఫైలు మీ టేబుల్ మీదికి వస్తే రెగ్యులర్ వాళ్లతో సమానంగా మోయాల్సిన పని లేదు. చేయక తప్పకపోతే హెచ్ఓడీ సంతకంతో మెమో ఇవ్వమని మర్యాదగా అడగండి.

బ్యూరెట్ల_బీరువా

చెల్లె, పైన సారు చెప్పిందంతా నిజమే. కానీ కెమిస్ట్రీ వాళ్లకు అసలు దెబ్బ తగిలేది ప్రాక్టికల్స్ కాడ. నాలుగు గంటల ప్రాక్టికల్‌ను నాలుగు పీరియడ్లుగా రాస్తరా, రెండుగా రాస్తరా అన్నది మొదటి రోజే తేల్చుకోవాలె. "చూద్దాం లే" అంటే రెండే అనుకో. ఒక్కో బ్యాచ్‌ల ఎంతమంది, ఇంకో టీచర్ ఉంటరా, అటెండర్ ఉన్నడా అన్నది కూడా అడుగు.

టైంటేబుల్‌ల కనబడని పని ఎంతుంటదో ఒక్క ప్రయోగం పట్టుకుని చెప్త. నీళ్ల కఠినత్వం కోసం ఈడీటీఏ టైట్రేషన్ పెట్టినవ్, బ్యాచ్‌ల 20 మంది. ఒక్కొక్కరికి స్టాండర్డైజేషన్ రెండుసార్లు, శాంపిల్ మూడుసార్లు, బ్యూరెట్ కడుక్కునేది కలిపితే 125 మిల్లీలీటర్లు కావాలె. మొత్తం రెండున్నర లీటర్లు. 0.01 మోలార్ కావాలంటే డైసోడియం ఈడీటీఏ 9.3 గ్రాములు తూచాలె, అది నీళ్లల్ల తొందరగ కరగది. తర్వాత పీహెచ్ 10 అమ్మోనియా బఫర్ కలపాలె. ఎరియోక్రోమ్ బ్లాక్ టీ ఆల్కహాల్‌ల కలిపి పెడితే కొన్ని రోజులకే పాడైతది. అందుకే ఉప్పుతోని 1:100 పొడి నూరి పెట్టుకుంటే మంచిది. బఫర్ పలచబడినా, ఇండికేటర్ పాతదైనా ఎర్రరంగు నీలంగ మారుడు సరిగ్గ తెల్వది. అప్పుడు 20 మంది రీడింగులు 20 తీర్లుగ వస్తయి, ప్రాక్టికల్ మళ్ల పెట్టాల్సొస్తది. ఇదంతా ముందురోజు సాయంత్రం పని. తక్కువల తక్కువ గంటన్నర. అటెండర్ లేకపోతే గాజుసామాను కడుగుడు కూడా నీ మీదనే పడతది.

దీనికి మందు ఒక్కటే. ల్యాబ్‌ల ప్రిపరేషన్ రిజిస్టర్ పెట్టు. తారీఖు, ఏ ద్రావణం, ఎంత, ఎన్ని గంటలు, కింద నీ సంతకం, వారానికోసారి హెచ్ఓడీ సంతకం. పైసలు ఇస్తరని చెప్తలేను. వచ్చే సెమిస్టర్‌ల వర్క్‌లోడ్ తయారు చేసేటప్పుడు ఆ రిజిస్టర్ ముందర పెడితే ఒక బ్యాచ్ తగ్గియ్యమని అడగొచ్చు. రిజిస్టర్ లేకుంటే నీ మాట ఎవ్వరు వినరు.

ఇన్‌వర్డ్_నంబర్

బిల్లుల గురించి. నెల చివర పెట్టే క్లెయిమ్‌లో తారీఖు, పీరియడ్, క్లాసు, చెప్పిన యూనిట్, హాజరైన విద్యార్థుల సంఖ్య ఉండాలి. ఇవి అటెండెన్స్ రిజిస్టర్‌తో సరిపోలకపోతే ఆడిట్ సెక్షన్‌లో బిల్లు వెనక్కి వస్తుంది, ఒక్క పీరియడ్ తేడా ఉన్నా మొత్తం ఆగుతుంది. సెలవు రోజున తీసుకున్న అదనపు క్లాసుకు ముందుగా హెచ్ఓడీ అనుమతి రాయించుకోండి, లేకపోతే ఆ పీరియడ్ కొట్టేస్తారు. వేసవి సెలవుల్లో మీకు ఏమీ రాదు, ఇంటి ఖర్చు ఆ లెక్కన వేసుకోండి.

వృత్తి రుసుము పద్దు కింద 10 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టుకుంటే ఇన్‌కంట్యాక్స్ పోర్టల్‌లో ఆ పట్టుకున్న పన్ను లెక్క చూస్తూ ఉండండి. మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోయినా రిటర్న్ వేస్తేనే ఆ డబ్బు తిరిగి వస్తుంది.

సెలక్షన్ కమిటీ ప్రొసీడింగ్స్ కాపీ అడిగితే ఇవ్వకపోతే రిజిస్ట్రార్ ఆఫీసు పౌర సమాచార అధికారికి ఆర్టీఐ పెట్టండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. నియామకం జరిగిన ఏడాదిలోనే పెట్టండి. పదేళ్ల తర్వాత ఫైలు దొరకడం లేదని చెప్తే మీరు చేయగలిగింది తక్కువ.

చాలామంది రెగ్యులరైజేషన్ ఆశతో చేరతారు. 2006 ఉమాదేవి తీర్పులో సుప్రీంకోర్టు దాన్ని హక్కుగా అడగడానికి వీల్లేదని చెప్పింది. 2023లో రాష్ట్రప్రభుత్వం జూనియర్, డిగ్రీ కాలేజీల కాంట్రాక్ట్ లెక్చరర్లను క్రమబద్ధీకరించినప్పుడు యూనివర్సిటీల వాళ్లు అందులో లేరు. ఏళ్లతరబడి పీజీ క్లాసులు మోసినవాళ్లను అలా బయట వదిలేయడం అన్యాయమనే నా అభిప్రాయం. సమాన పనికి సమాన వేతనం మీద 2016లో జగ్‌జీత్ సింగ్ కేసు తీర్పు తాత్కాలిక ఉద్యోగులకు కనీస పే స్కేలు దాకా దారి చూపింది. కానీ రెగ్యులర్ వాళ్లతో సమానమైన పనే చేశామని రుజువు చేయాల్సింది మనమే. పీరియడ్ లెక్కన పనిచేసేవాళ్లకు అది ఇంకా కష్టం. సంతకం ఉన్న టైంటేబుళ్లు, ప్రశ్నపత్రం సెట్ చేసిన లెటర్లు, ఇన్విజిలేషన్, వాల్యుయేషన్ ఆర్డర్లు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోమనేది అందుకే.

హుజూరాబాద్ కాలేజీ వైపు మొగ్గితే ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి జిరాక్స్‌లు మాత్రమే ఇవ్వండి. ఒరిజినల్స్ తీసుకుని పెట్టుకునే చోట సెమిస్టర్ మధ్యలో బయటికి రావడం నరకం. జీతం బ్యాంకులో పడాలి, యూనివర్సిటీ నుంచి ర్యాటిఫికేషన్ (మీ నియామకానికి ఆమోదం) చేయిస్తారో లేదో ముందే అడగండి. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి ఆ కాలేజీ నుంచి ఎన్‌ఓసీ కూడా కావాల్సి ఉంటుంది.

కెమిస్ట్రీ_హన్మకొండ

అందరికీ చాలా థ్యాంక్స్. యూనివర్సిటీ వైపే మొగ్గుతున్నాను. ఒక్క సందేహం. క్లాసులు సోమవారం నుంచే మొదలుపెట్టమంటున్నారు, ఆర్డర్ నెల తర్వాత వస్తుందట. మొదలుపెట్టొచ్చా?

వర్క్‌లోడ్_లెక్కలు

మొదలుపెట్టొచ్చు, కానీ ఒట్టి చేతులతో వద్దు. హెచ్ఓడీ పేరిట జాయినింగ్ రిపోర్ట్ రాయండి: ఏ ఇంటర్వ్యూ, ఏ తేదీ, ఎవరు రమ్మన్నారు, ఏ పేపర్లు ఇచ్చారు, ఏ తేదీ నుంచి క్లాసులు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబర్, తేదీ, స్టాంపు వేయించుకోండి. మీ పేరున్న టైంటేబుల్ మీద హెచ్ఓడీ సంతకం తీసుకోండి. తర్వాత ఆర్డర్ చేతికి రాగానే అందులో నియామక తేదీ చూడండి. సంతకం చేసిన రోజు నుంచి కాకుండా మీరు క్లాసు మొదలుపెట్టిన రోజు నుంచి ఉండాలి. తేడా ఉంటే జాయినింగ్ రిపోర్ట్ కాపీ జతచేసి ఆ వారంలోనే సవరణ కోరండి. ఆలస్యమైతే ఆ నెల బిల్లు ఎవరూ పాస్ చేయరు.

బ్యూరెట్ల_బీరువా

ప్రాక్టికల్ గంటల లెక్క కూడా ఆ జాయినింగ్ రిపోర్ట్‌లనే ఒక లైను రాయి చెల్లె. "రెండు బ్యాచ్‌లు, ఒక్కోటి వారానికి నాలుగు గంటలు" అని.