ప్రొజెక్టర్‌తో పాఠం: నెట్ ఆగిపోతే, తెలుగు అక్షరాలు చెదిరితే?

సైన్స్‌టీచర్_మలక్‌పేట: 8వ తరగతికి ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ వాడుతున్నాను. వీడియో మధ్యలో నెట్ పోతుంది. డీటీపీ వాళ్లిచ్చిన ప్రశ్నపత్రం తెర మీద పిచ్చి గుర్తుల్లా కనిపిస్తోంది. దారేంటి?

బడిబల్ల: పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ముందురోజే దీక్ష యాప్‌లో (ప్రభుత్వ పాఠాల యాప్) స్కాన్ చేసి, వీడియో డౌన్‌లోడ్ చేసుకోండి సార్. క్లాసుకెళ్లే ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒకసారి ఆడించండి. అప్పుడు ఆడితేనే నిజంగా దిగినట్టు.

అక్షరాలపురుగు: అది అను ఫాంట్ అయ్యుంటుంది. అది యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే పద్ధతి) కాదు, ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కల్ని అమర్చిన ఫాంట్. అందుకే ఆ ఫాంట్ లేని మెషీన్‌లో తెలుగు బదులు “$∞” లాంటి గుర్తులు కనిపిస్తాయి. టైపు చేసిన ఫైల్ వద్దు, డీటీపీ షాపులోనే పీడీఎఫ్ చేయించుకోండి. ఫాంట్ అందులోనే ఇమిడి వస్తుంది. దిద్దుకోవాలంటే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడండి, కానీ ఒత్తులు, “క్ష”, “ర” వత్తు తేడా కొడతాయి. వరసగా చదవక తప్పదు.

బడిబల్ల: ఇంకోటి. ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టర్‌కి కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టగానే శబ్దం ప్రొజెక్టర్‌కి పోయి స్పీకర్లు మూగబోతాయి. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి అవుట్‌పుట్ మార్చండి. తెర రాకపోతే విండోస్ కీ, పీ కలిపి నొక్కి “డూప్లికేట్” ఎంచుకోండి.

సైన్స్‌టీచర్_మలక్‌పేట: పీడీఎఫ్ చేయిస్తాను. థాంక్స్ అండీ.