బ్రెజిల్‌లో ‘నెలోరి’ అంటే ఊరు కాదు, ఎద్దు

కావలి నుంచి ఒక పశువైద్యుడు:
అందరికీ నమస్కారం. బ్రెజిల్‌లోని ఉబెరాబాలో పిండమార్పిడి ప్రయోగశాలలో రెండేళ్ల ఉద్యోగం వచ్చింది. పోర్చుగీసు ఒక్క ముక్క రాదు. కాగితాలు, తిండి, మనుషులు... ఏమేమి తెలుసుకుని రావాలి? మాది నెల్లూరు జిల్లా అనగానే ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. అదెందుకో కూడా చెప్పండి.

ఉబెరాబా నుంచి, సొంతూరు ఒంగోలు:
తమ్ముడూ, ముందు ఆ నవ్వు సంగతి. మన ఒంగోలు జాతిని ఇక్కడ ‘నెలోరి’ అంటారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది కదా, ఆ పేరే ఓడ ఎక్కింది. ఒంగోలు వాడిగా నాకు కాస్త కడుపుమంట ఉన్న మాట నిజమే. 1868లో ఇంగ్లండు వెళుతున్న ఓడ బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగి ఒక ఒంగోలు జతను అమ్మిందని ఇక్కడి పెంపకందారులు చెబుతారు. రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు 1948లో మొదలయ్యాయి. అంటే రాయబారుల కంటే ఎనభై ఏళ్ల ముందే మన ఎద్దు వచ్చి కూర్చుంది.

1960ల మొదట్లో వచ్చిన ఆబోతుల్లో ఒకదాని పేరు ‘కర్వాడి’. ఒంగోలు పక్కన కరవది స్టేషన్ నీకు తెలిసే ఉంటుంది, ఆ పేరే. ఆ విడత పశువులను ఫెర్నాండో డి నొరోన్యా ద్వీపంలో కొన్నాళ్లు విడిగా ఉంచి, రోగాలు లేవని తేలాకే లోపలికి రానిచ్చారు. ఈ రోజు ఇక్కడి మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం నెలోరి రక్తమే. ఏప్రిల్ చివర ఉబెరాబాలో మొదలయ్యే ఎక్స్‌పోజెబు అనే మూపురపు పశువుల ప్రదర్శన తప్పక చూడు. మూపురం, గంగడోలు చూస్తే మన సంక్రాంతి బండలాగుడు గుర్తొస్తుంది. ఆ పక్కనే అదే జాతి మాంసం నిప్పుల మీద కాలుతుంటుంది. మొదటి ఏడాది నాకు అన్నం సహించలేదు.

ఇక కాగితాలు. డిగ్రీ సర్టిఫికెట్లకు విదేశాల్లో చెల్లడానికి మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర అక్కడే వేయించుకో. అది లేక నేను మూడు నెలలు ఖాళీగా కూర్చున్నాను. పోర్చుగీసు అనువాదం మాత్రం ఇక్కడ అధికారిక గుర్తింపు ఉన్న అనువాదకుడే చెయ్యాలి. దిగిన 90 రోజుల్లోగా ఫెడరల్ పోలీసుల దగ్గర నమోదు, ఆపైన సీపీఎఫ్ నంబరు, అంటే ఇక్కడి పన్ను గుర్తింపు సంఖ్య. అది లేనిదే సిమ్ కార్డు కూడా రాదు. పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకుని పత్రం దాచుకో. తిరిగి ఇండియాలో దిగేటప్పుడు అది చూపకపోతే నిన్ను కూడా ఆ ఆబోతుల్లాగే విడిగా ఉంచుతారు!

సావో పాలో నుంచి, సొంతూరు నెల్లూరు:
అన్నగారు తిండి సంగతి వదిలేశారు. బాబూ, గొడ్డుమాంసం తినకపోతే ‘నౌం కోము కార్ని’ (నేను మాంసం తినను) అను. ఇక్కడ ‘కార్ని’ అంటే వాళ్ల మనసులో ముందుగా మెదిలేది గొడ్డుమాంసమే, కాబట్టి వెంటనే కోడి తెచ్చి పెడతారు. శాకాహారివైతే మాత్రం కోడి, చేప పేర్లు విడివిడిగా చెప్పాలి. చిక్కుడు గింజల పులుసు అడగకుండా తినవద్దు, అందులో మాంసం ముక్కలు వేస్తారు. అన్నానికి లోటు లేదు, రోజూ వాళ్లూ తింటారు. చింతపండు దొరుకుతుంది, తిలాపియా చేప దొరుకుతుంది, పులుసు నీ చేతిలో పని. గోంగూరను ‘వినగ్రేరా’ అంటారు. మరన్యావ్ రాష్ట్రంలో దానితో అన్నం కలిపి వండుతారంటే మొదట నేను నమ్మలేదు.

మందుల కంపెనీలో పనిచేస్తున్నాను కనుక ఒక మాట. ఇక్కడి నుంచి మనకు సోయా నూనె, చక్కెర, ముడిచమురు వెళతాయి. అక్కడి నుంచి డీజిల్, మందులు, పురుగుమందులు వస్తాయి. బ్రెజిల్ ఉన్న దక్షిణ అమెరికా వాణిజ్య కూటమి మెర్కొసూర్‌తో మన దేశం చేసుకున్న సుంకాల ఒప్పందం 2009 నుంచి అమలులో ఉంది కానీ అందులోకి వచ్చే సరుకులు తక్కువ. మనవాళ్లు ఎక్కువగా సావో పాలోలోనే ఉంటాం, మన కాన్సులేట్ కూడా ఇక్కడే. ఇంటికి ఫోను చేసేటప్పుడు ఎనిమిదిన్నర గంటల తేడా గుర్తుంచుకో.

కావలి నుంచి:
అన్నా, అక్కా, చాలా సంతోషం. మా అమ్మమ్మది కరవదే. ఆవిడకు చెబితే ‘మన ఎద్దు పేరు చెప్పుకుని బతుకుతావా’ అని నవ్వింది. గోంగూర విత్తనాలు ఒక పొట్లం తెస్తాను.

ఉబెరాబా నుంచి:
విత్తనాలు వద్దు తమ్ముడూ, అనుమతి పత్రం లేకపోతే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. వినగ్రేరా గింజలు నా పెరట్లోనే ఉన్నాయి. కరవది స్టేషన్ బోర్డు ఫొటో ఒకటి తీసుకురా, మా పెంపకందారుకు చూపిస్తాను.