165 హెర్ట్జ్ మానిటర్ తీసుకున్నా గేమ్ స్మూత్‌గ అనిపిస్తలేదు. ఫ్రీసింక్ పనిచేస్తుందా లేదా ఎట్ల తెలుసుకోవాలె?

చైతన్యపురి_చింటు:

అందరికీ నమస్తే. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ల 27 ఇంచుల మానిటర్ తీసుకున్న. 1440పీ, 165 హెర్ట్జ్ (తెర సెకనుకు 165 సార్లు మారుతది), వీఏ రకం ప్యానెల్, డబ్బా మీద ఫ్రీసింక్ అని రాసి ఉంది. గ్రాఫిక్స్ కార్డు ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060, ప్రాసెసర్ రైజెన్ 5 5600, ర్యామ్ 16 జీబీ ఒకటే స్టిక్. దీనికి ముందు 60 హెర్ట్జ్ ఆఫీస్ మానిటర్ మీద ఆడేటోన్ని.

ఓపెన్ వరల్డ్ గేమ్‌లల్ల కౌంటర్ 70, 80 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు) చూపిస్తది. కని బండి మీద స్పీడ్‌గ పోతూ కెమెరా తిప్పితే బొమ్మ నడిమిట్ల కోసినట్టు అయితది. వి-సింక్ ఆన్ చేస్తే ఆ కోత పోతది, మౌస్ మాత్రం బరువెక్కినట్టు అనిపిస్తది. పైగా ఊర్లకు ఎంటర్ అయ్యేటప్పుడు ఒక్క క్షణం ఆగి దుంకుతది. ఇంకొకటి, ఇదే నాకు అస్సలు సమజ్ కాలే: ఎల్డెన్ రింగ్ 60 దగ్గర కదలకుండ నిలబడ్తది, అయినా పాత మానిటర్ మీద ఉన్నంత సాఫ్‌గ లేదు. అంత మంచి మానిటర్ మీద పాతదానికంటె ఖరాబ్‌గ ఎట్ల కనిపిస్తది?

ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ల జీ-సింక్ (ఫ్రీసింక్ లెక్కటిదే) సెట్టింగ్ వెతికిన, అసలు కనిపిస్తలేదు. ఇంట్ల టీవీకి ఉన్న హెచ్‌డీఎంఐ కేబులే పెట్టిన. చిట్టీ ఎత్తినప్పుడు అమ్మ ఇచ్చిన పైసలతోని కొన్న, పూర్తిగ వాడుకోవాలని ఉంది. తెలిసినోళ్లు జర చెప్పండి.

వనస్థలి_వాలొరెంట్:

బ్రో, సింక్ అనే పేరున్నవన్నీ ఆఫ్ చేసి ఆడు. నేను 240 హెర్ట్జ్ మానిటర్ మీద వాలొరెంట్ ఆడతా, 300 పైనే ఎఫ్‌పీఎస్ వస్తుంది, నాకు టియరింగ్ (నువ్వు చెప్పే కోత) ఎప్పుడూ కనిపించలేదు. సింక్ పెడితే ఇన్‌పుట్ లాగ్ (మౌస్ ఆలస్యం) వస్తుంది, ఎయిమ్ పోతుంది.

మాదాపూర్_మాధవి:

చింటు తమ్ముడూ, నువ్వు రాసినవి మూడు వేర్వేరు సమస్యలు. మూడింటినీ కలిపి స్మూత్‌గా లేదు అనుకుంటే ఏ సెట్టింగ్ దేనికి పనికొస్తుందో ఎప్పటికీ తెలియదు. గేమ్ టెస్టింగ్ నా ఉద్యోగం, రోజంతా ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేముకి పట్టే సమయం) గ్రాఫ్‌లే చూస్తుంటాను. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఎల్డెన్ రింగ్ సంగతి, ఎందుకంటే అసలు కిటుకంతా అందులోనే ఉంది. పీసీలో ఆ గేమ్ 60 దాటదు, పరిమితి గేమ్‌లోనే ఉంది. అంటే 16.7 మిల్లీసెకన్లకు ఒక ఫ్రేము. నీ పాత మానిటర్ కూడా అదే 16.7కి ఒకసారి తెర మార్చేది కాబట్టి రెండూ అడుగులో అడుగు వేసి నడిచాయి. కొత్తది 6.06 మిల్లీసెకన్లకోసారి మారుస్తుంది. 165ని 60తో భాగించు, 2.75 వస్తుంది. ఏ తెరైనా ఒక ఫ్రేముని రెండు ముప్పావు సార్లు చూపించగలదా? చూపించలేదు. అందుకని, తయారైన ఫ్రేముని తెర మారే క్షణం దాకా ఆపే వి-సింక్ ఉన్నప్పుడు మూడు ఫ్రేములు మూడేసి సార్లు, నాలుగోది రెండుసార్లు కనపడతాయి. కాలంలో చెప్పాలంటే 18.2, 18.2, 18.2, ఆ తర్వాత 12.1. కార్డు సమానంగానే ఇచ్చింది, కంటిదాకా వచ్చేసరికి లయ తప్పింది. కౌంటర్ మాత్రం 60 దగ్గర కదలకుండా ఉంటుంది, ఎందుకంటే అది సెకనులో ఎన్ని ఫ్రేములు అనే లెక్కే చెబుతుంది, ఏది ఎంతసేపు తెర మీద నిలిచిందో చెప్పదు. నీ కన్ను సరిగ్గానే పట్టుకుంది. కావాలంటే విండోస్‌లో రిఫ్రెష్ రేటు 120కి దించి అదే గేమ్ ఆడి చూడు. ప్రతి ఫ్రేమూ కచ్చితంగా రెండుసార్లే వస్తుంది, తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక కోత. తెర బొమ్మని ఒక్కసారిగా మార్చదు, పై నుంచి కిందికి వరుసగా గీసుకుంటూ వస్తుంది. అది సగంలో ఉండగా కార్డు కొత్త ఫ్రేము అందిస్తే పైన పాత బొమ్మ, కింద కొత్త బొమ్మ. వి-సింక్ దీన్ని ఆపుతుంది కానీ కార్డుని వేచి ఉండమంటుంది. అమీర్‌పేటలో మెట్రో తలుపులు మూసుకున్న మరుక్షణం ప్లాట్‌ఫాం మీదికి వచ్చిన మనిషి తర్వాతి రైలు దాకా నిలబడాల్సిందే కదా, ఆలస్యం ఒక్క సెకనే అయినా. 60 హెర్ట్జ్ తెర మీద 17 మిల్లీసెకన్లు పట్టిన ఫ్రేముది అదే గతి: 16.7 గడువు తప్పింది కాబట్టి 33.3 దాకా ఆగుతుంది. నీ మౌస్ బరువెక్కింది ఈ నిరీక్షణ వల్లే.

ఫ్రీసింక్, జీ-సింక్ లాంటి అడాప్టివ్ సింక్ పద్ధతులు ఈ వరసని తిరగేస్తాయి. కార్డు తెర కోసం ఆగదు, తెరే కార్డు కోసం ఆగుతుంది. ఫ్రేము 13 మిల్లీసెకన్లకు తయారైతే అప్పుడే గీస్తుంది, తర్వాతది 15కి వస్తే 15కి. కోత ఉండదు, అనవసరమైన ఆలస్యం ఉండదు. ఎల్డెన్ రింగ్ ఆడుతుంటే నీ తెర 60 హెర్ట్జ్‌కే నడుస్తుంది, ఆ 2.75 గొడవే రాదు.

మరి నీకు ఆ సెట్టింగ్ ఎందుకు కనిపించట్లేదు? ఎన్‌విడియా 2013లో జీ-సింక్ ప్రకటించినప్పుడు మానిటర్ లోపలే వాళ్ల మాడ్యూల్ ఉండాలి, ధర బాగా ఎక్కువ. 2014లో తెరల ప్రమాణాలు రూపొందించే వెసా సంస్థ అడాప్టివ్-సింక్‌ని డిస్‌ప్లేపోర్ట్ 1.2ఏ ప్రమాణంలో చేర్చింది, పోటీ కంపెనీ ఏఎమ్‌డీ వాళ్ల ఫ్రీసింక్ దాని మీదే నిలబడింది. 2019 జనవరిలో ఎన్‌విడియా కూడా జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి పై కార్డులకు ఆ దారి తెరిచింది. కానీ ఆ దారి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌దే. పాత హెచ్‌డీఎంఐ మీద ఫ్రీసింక్ ఏఎమ్‌డీ సొంత పద్ధతిలో వెళుతుంది, ఎన్‌విడియా కార్డు దాన్ని వాడదు. మానిటర్‌లో హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్ఆర్ (ఆ కేబుల్ మీదే తెర వేగం మార్చే పద్ధతి) ఉంటే అది వేరే విషయం, నీ దానికి అది ఉన్నట్టు లేదు.

కాబట్టి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పెట్టు. మానిటర్ బటన్లు నొక్కి దాని సొంత మెనూలో ఫ్రీసింక్ ఆన్ చెయ్యి, చాలా వాటిలో కొన్నప్పుడు ఆఫ్‌లోనే ఉంటుంది. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో జీ-సింక్ పేజీ కనిపిస్తుంది. పనిచేస్తోందా లేదా అనే నీ ప్రశ్నకు జవాబు: మానిటర్ మెనూలోనే రిఫ్రెష్ రేటు చూపించే ఆప్షన్ ఉంటే పెట్టుకో. గేమ్‌లో ఆ అంకె 71, 78, 74 అని మారుతూ ఉంటే పనిచేస్తున్నట్టే. 165 దగ్గర బిగుసుకుని ఉంటే లేనట్టు.

మూడోది, ఊళ్లోకి వెళ్లేటప్పుడు ఆగి దూకడం. దీన్ని ఏ సింకూ బాగుచేయదు. ఇది అందరూ తెలుసుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను, ఎందుకంటే ఈ దూకుడు పోతుందనే ఆశతో మానిటర్లు మార్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను. ఫ్రేములు 14, 15, 14 మిల్లీసెకన్లకు వస్తూ మధ్యలో ఒకటి 90 పడితే, తెర ఎంత ఓపిగ్గా ఆగినా ఆ 90 మిల్లీసెకన్లలో చూపించడానికి కొత్త బొమ్మే లేదు. ఆ సెకను సగటు చూస్తే అప్పటికీ 60 పైనే ఉంటుంది. ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌తో వచ్చే, గేమ్ మీద అంకెలు చూపించే ఆర్‌టీఎస్ఎస్‌లో ఎఫ్‌పీఎస్ అంకె పక్కన ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్ కూడా పెట్టుకో. గీత సన్నగా సాగుతుంటే మంచిది. సూదిలా పైకి లేచిన ప్రతిచోటా కారణం ప్రాసెసర్, ర్యామ్, డిస్కు, లేదా గేమ్ అప్పటికప్పుడు షేడర్లు (బొమ్మ గీయడానికి కార్డు నడిపే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ చేసుకోవడం.

వనస్థలి తమ్ముడు చెప్పింది తన ఆటకు సరైనదే. 240 తెర మీద 300 ఎఫ్‌పీఎస్ వస్తే సింక్ పనిచేసే పరిధి దాటిపోయినట్టే, అక్కడ కోత ఒక్కోటి కంటికి ఆనేంత సేపు ఉండదు. నీవి 70, 80. నీ పరిస్థితి పూర్తిగా వేరు.

చైతన్యపురి_చింటు:

మాధవి అక్క, చాలా థాంక్స్. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ తెచ్చి పెట్టిన, జీ-సింక్ పేజీ వచ్చింది. మానిటర్ల అంకె మారుకుంట ఉంది. కోత మొత్తం పోయింది, ఎల్డెన్ రింగ్ ఇప్పుడు సూపర్‌గ ఉంది. మీరు చెప్పినట్టు 120ల పెట్టి కూడ చూసిన, నిజంగనే తేడా తెలిసింది.

రెండు డౌట్లు ఉన్నయ్. ఊర్ల దుంకుడు అట్లనే ఉంది, గ్రాఫ్‌ల సూదులు కనిపిస్తున్నయ్. ఇంకొకటి కొత్తగ మొదలైంది: గుహల లోపట, లోడింగ్ స్క్రీన్ల మీద వెలుతురు టపటప కొట్టుకుంటది. ప్యానెల్ ఖరాబ్ అయిందా? వాపస్ ఇయ్యాల్నా?

పార్క్‌లేన్_బెంచ్:

దుంకుడు గురించి నేను చెప్తా, అసెంబ్లీ, సర్వీస్ మా పని. 16 జీబీ ఒకటే స్టిక్ అన్నవ్ కదా తమ్మీ, ఫస్ట్ అది చూడు. నీ బోర్డు రెండు చానెళ్ల మీద ర్యామ్ నడిపిస్తది, నువ్వు ఒక్కటే ఇచ్చినవ్. ప్రాసెసర్ మీద బరువు పడే ఓపెన్ వరల్డ్ గేమ్‌లల్ల దీని దెబ్బ సగటు ఎఫ్‌పీఎస్ కంటె ఈ సూదుల మీదనే ఎక్కువ కనపడ్తది. అదే స్పీడుది ఇంకో స్టిక్ తీస్కో, మాన్యువల్ల చెప్పిన స్లాట్లల్ల పెట్టు, బయాస్‌ల ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి స్పీడుకు నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్. గేమ్ హార్డ్ డిస్క్ మీద ఉంటే ఎస్ఎస్‌డీ మీదికి మార్చు. షేడర్ల సూదులైతే ఒకసారి తిరిగిన ఊర్లకు మళ్ల పోతే రావు, గట్ల గుర్తుపట్టొచ్చు.

మాదాపూర్_మాధవి:

ర్యామ్ విషయంలో పార్క్‌లేన్ అన్న మాటే నాదీ.

వెలుతురు కొట్టుకోవడం ప్యానెల్ చెడిపోయినందుకు కాదు, తొందరపడి వాపసు ఇవ్వకు. వీఏ, ఓఎల్ఈడీ తెరల్లో ఇది బాగా తెలిసిన లక్షణం. రిఫ్రెష్ రేటు మారినప్పుడు ముదురు బూడిద రంగుల వెలుగు కొద్దిగా మారుతుంది. మెల్లగా మారితే కంటికి తెలియదు. లోడింగ్ స్క్రీన్‌లో ఫ్రేమ్‌టైమ్ ఎగిరెగిరి పడుతుంది, రిఫ్రెష్ రేటూ దాంతోపాటే గెంతుతుంది, నీకు అది మినుకు మినుకుగా కనిపిస్తుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఇలాంటి మానిటర్లలో సింక్ పరిధి తరచుగా 48 హెర్ట్జ్ నుంచి మొదలవుతుంది. నీ దానికి ఎంతో స్పెసిఫికేషన్ పేజీలో చూసుకో. ఎఫ్‌పీఎస్ 48 కిందికి వెళితే తెర అంత నెమ్మదిగా నడవలేదు కాబట్టి ప్రతి ఫ్రేముని రెండుసార్లు చూపిస్తుంది. 40 ఎఫ్‌పీఎస్ వస్తే తెర 80 హెర్ట్జ్ మీద నడుస్తుంది. పై పరిధి కింది దానికి రెట్టింపు దాటి ఉంటేనే ఇది కుదురుతుంది, 48 నుంచి 165 అంటే హాయిగా కుదురుతుంది. చవక మానిటర్లలో 48 నుంచి 75 అని ఉంటుంది చూడు, వాటిలో 48 కింద ఈ సాయం ఉండదు. ఇప్పుడు నీ గేమ్ 49కీ 47కీ మధ్య ఊగుతోందనుకో, తెర 49 నుంచి 94కి దూకి మళ్లీ 49కి వస్తుంది. చీకటి గుహలో అది కంటికి కొడుతుంది.

అందుకని ఆ సరిహద్దు దగ్గర తిరగకుండా చూసుకో. నీడల నాణ్యత, దూరం దృశ్యాల సెట్టింగ్ ఒక్కో మెట్టు తగ్గించి, 55 కిందికి పడకుండా ఉంటే గుహల్లో చాలావరకు పోతుంది. లోడింగ్ స్క్రీన్ మీద కొంచెం మిగులుతుంది, అది భరించడమే. ఏదైనా ఒక్క గేమ్‌లో మరీ ఇబ్బందిగా ఉంటే ఆ గేమ్ వరకే కంట్రోల్ ప్యానెల్‌లో జీ-సింక్ ఆఫ్ చేసుకోవచ్చు, అన్నిటికీ తీసేయకు.

మానిటర్ మెనూలో ఓవర్‌డ్రైవ్ (పిక్సెళ్లు త్వరగా రంగు మారేలా తోసే సెట్టింగ్) అని ఉంటుంది, దాన్ని మధ్యస్థంలో ఉంచు. 165 దగ్గర బాగుండే గరిష్ఠ సెట్టింగ్, తెర 60 దగ్గర నడిచేటప్పుడు కదిలే వస్తువుల వెనక తెల్లటి తోక గీస్తుంది.

వనస్థలి_వాలొరెంట్:

మాధవి గారూ, నా 240 మానిటర్ మీద సైబర్‌పంక్ కూడా ఆడతాను, అక్కడ 90 దాటదు. అయితే ఆ గేమ్‌కి జీ-సింక్ పెట్టొచ్చా? అప్పుడు వి-సింక్ ఆన్ చేయాలా, ఆఫా?

మాదాపూర్_మాధవి:

తప్పకుండా పెట్టండి. గేమ్ మెనూలో వి-సింక్ ఆఫ్, కంట్రోల్ ప్యానెల్‌లో ఆన్. వినడానికి వింతగా ఉంటుంది, కానీ జీ-సింక్ నడుస్తున్నప్పుడు వి-సింక్ పాతలాగా ఫ్రేములను ఆపి ఉంచదు. ఉన్నట్టుండి ఫ్రేమ్‌టైమ్ మారినప్పుడు తెర అడుగున కనిపించే చిన్న కోతను మాత్రం ఆపుతుంది. ఎఫ్‌పీఎస్ తెర గరిష్ఠాన్ని తాకితే మాత్రం పాత వి-సింక్ ఆలస్యం తిరిగి వస్తుంది, అందుకే దానికంటే మూడు తక్కువగా ఎఫ్‌పీఎస్ పరిమితి పెట్టాలి: మీకు 237, చింటుకి 162. ఎన్‌విడియా రిఫ్లెక్స్ (ఆలస్యం తగ్గించే సెట్టింగ్) ఉన్న గేమ్‌లో అది ఆన్ చేస్తే ఈ పరిమితి దానంతటదే ఇంకాస్త కిందికి పెట్టుకుంటుంది. వాలొరెంట్‌కి విడిగా ప్రొఫైల్ చేసుకుని అందులో జీ-సింక్, వి-సింక్ రెండూ ఆఫ్‌లోనే ఉంచుకోండి.