గేట్లు ఎత్తిన ఆదివారం పిల్లల్ని నాగార్జునసాగర్ తీసుకపోవుడు అవసరమా?

నల్లగొండ_నాన్న

జూలై వచ్చింది, పైన వానలు మొదలైనయి, ఇగ కొన్ని రోజులైతే మా ఇంట్ల మళ్ళ అదే ముచ్చట, సాగర్ గేట్లు ఎత్తిన్రంట పోదాం డాడీ అని. ఈసారి నేను వద్దనే అంటున్న. ఇంట్ల ఎవ్వరూ ఒప్పుకుంటలేరు కాబట్టి ఇక్కడ అడుగుతున్న, తప్పైతే తప్పని చెప్పున్రి.

పోయినేడు ఆగస్టుల ఆదివారం పోయినం. పెద్దదానికి 9 ఏండ్లు, చిన్నోనికి 4. పొద్దున 8 గంటలకు నల్లగొండల బయలుదేరినం, 60 కిలోమీటర్ల పైన అంతే కదా, పది కల్లా ఆడ ఉంటం అనుకున్న. హాలియా దాంక బాగనే పోయినం. సాగర్ కాడి పైలాన్ కాలనీ ఇంకా రాకముందే బండ్లు ఆగినయి. నాలుగు కిలోమీటర్లు పోవడానికి గంటన్నర పట్టింది. చిన్నోడు పాసుకు పోవాలె అంటడు, ఆడ దిగే జాగ లేదు, కార్ల ఏసీ బంద్ చేస్తే ఉక్క, పెడితే వాడికి వాంతులు.

సాగర్‌కు 26 గేట్లు కదా, పెద్దది ఇంటికాడనే నోట్‌బుక్కుల 26 గీతలు గీసుకొని వచ్చింది, ఒక్కొక్క గేటు చూసుకుంట టిక్కు పెడతా అని. గేట్లు కనపడే బ్రిడ్జి మీదికి వచ్చినంక ఆగనియ్యలే, వెనక నుంచి హారన్లు, పక్కన బస్సు. 11 టిక్కులు పెట్టింది, అంతల బ్రిడ్జి దాటినం. మళ్ళ తిరిగి వచ్చే ఓపిక ఎవరికీ లేదు. ఫోన్ల మాట్లాడి పెట్టుకున్న రూము కూడ మేం పోయేసరికి వేరేటోళ్ళకు ఇచ్చేసిన్రు, ఏ లాడ్జి అని పేరు చెప్పను గాని ఆ రాత్రి 11 గంటలకు ఇల్లు చేరినం, చిన్నోనికి రెండు రోజులు జ్వరం.

నా మాట ఏందంటే, చిన్న పిల్లలున్నోళ్ళకు రెండు రోజుల ట్రిప్పు అంటే గంట, గంటన్నర దూరంల ఉండాలె, రోజుకు ఒక్క జాగనే పెట్టుకోవాలె, పిల్లలు కిందికి దిగి ఉరికేటట్టు ఉండాలె. జనం ఎటు పోతే అటు పోవుడు వద్దు. మీరేమంటరు?

ఎడమకాల్వ_రైతు (మిర్యాలగూడ)

అన్నా నీ బాధ అర్థమైంది గాని నీ మాటకు నేను ఒప్పుకోను. తప్పు సాగర్‌ది కాదు, 8 గంటలకు బయలుదేరినవ్ చూడు అదే తప్పు. మేము 4 గంటలకు లేస్తం, ఆరు కల్లా బ్రిడ్జి కాడ ఉంటం, ఎండ ఎక్కకముందే చూసి తొవ్వల సద్ది విప్పుకొని తింటం, జనం వచ్చేటప్పటికి మేము ఇంటిదారి పడతం.

ఇంకొకటి, గేట్లు ఏటేట ఎత్తరు. 2023ల ఎత్తనే లేదు, కృష్ణల నీళ్ళే లెవ్వు, మా ఆయకట్టుల పొలాలు బీడు పడ్డయి. 2024ల ఆగస్టు 5న ఎత్తిన్రు, ఆ రోజు మా ఊర్ల ముసలోళ్ళు కూడ ఆటోలు కట్టుకొని పోయిన్రు. పైన ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల డ్యాములు నిండాలె, శ్రీశైలం 885 అడుగుల దగ్గరికి రావాలె, అక్కడ వదిలితె మాకు వస్తయి, ఇక్కడ 590 దగ్గరికొస్తే అప్పుడు గేట్లు లేస్తయి. ఇంత జరిగితె గాని కనపడని దాన్ని పిల్లలకు చూపియ్యకుంటె ఎట్లన్నా?

1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది వేసినప్పటి నుంచి 1967ల కాల్వలకు నీళ్ళిడిసేదాంక అది మనుషులు రాయి మీద రాయి పేర్చి కట్టిన కట్ట. మా తాత ఆ కట్ట మీద రాళ్ళు మోసిండు. నా కొడుకు తినే బువ్వ ఆ నీళ్ళదే. వాడు 5 ఏండ్లప్పుడు మొదటిసారి తీసుకపోయిన, ఆ చప్పుడుకు నా మెడ పట్టుకొని వదలలే, తుంపర మొకాన పడ్డంక నవ్విండు. ఇప్పుడు వానికి 14, ఇంకా చెప్తడు. ఏ పార్కుకు పోయినా ఆ నవ్వు వస్తదా?

ఇద్దరికి_అమ్మ

రైతన్నా మీరు 4 గంటలకు లేస్తం అన్నరు, లేచేది ఎవరు? పిల్లల్ని లేపేది, స్నానాలు పోసేది, పులిహోర కలిపేది, నీళ్ళ సీసాలు నింపేది, డైపర్లు, మందులు, ఇంకో జత బట్టలు సర్దేది ఎవరు? అంటే మేము 2 గంటలకే లేవాలె. మగోళ్ళకు అది ట్రిప్పు, మాకు వంటిల్లు జాగ మారినట్టు. కోపంతోని అంటలేను, మా ఆయనకు కూడ ఇదే చెప్పిన.

రెండోది నీళ్ళ దగ్గర పిల్లలు. నది నిండుగ పోతున్నప్పుడు ఘాట్ల మెట్లు పాచి పట్టి జారుతయి, ఏటా ఎక్కడో ఒకకాడ ఎవరో ఒకరు కొట్టుకపోయిన్రని వింటనే ఉంటం. గేట్లు ఎత్తిన రోజు నేను పొద్దంతా ఒక చెయ్యి పిల్లగాని చేతికి కట్టేసినట్టే ఉంటది, నేను ఏం చూడాలె? ఇగ ఆడోళ్ళకు బాత్రూముల సంగతి చెప్పొద్దు, ఆ రద్దీల అడగడానికే సిగ్గయితది.

మేము పోయిన సంక్రాంతి సెలవుల్ల పానగల్లు పోయినం. నల్లగొండ టౌను నుంచి ఆటోల పదిహేను నిమిషాలు. పొలాల నడిమిట్ల ఛాయా సోమేశ్వర గుడి. ముందు పెద్దోడు, ఇదేంటి మమ్మీ గుళ్ళకా తెచ్చినవ్ అని మొకం ముడుచుకున్నడు. లోపల లింగం మీద స్తంభం లెక్క ఒక నీడ పొద్దంతా అట్లనే నిలబడి ఉంటది, సూర్యుడు ఎటు తిరిగినా అది జరగదు. వాడు ముందటి స్తంభం కాడ పోయి నిలబడ్డడు, నా నీడ పడ్డదా అని అరిచిండు, పడలే. ఇంకో స్తంభం కాడ నిలబడ్డడు, అప్పుడూ పడలే. మండపంల స్తంభాల సందుల నుంచి రెండు దిక్కుల వెలుగు లోపలికి వచ్చి నడుమ నీడ మిగులుతది, అది ఏ ఒక్క స్తంభం నీడా కాదు. ఇంటికొచ్చినంక వాడు పెన్సిళ్ళు నిలబెట్టి రెండు టార్చులేసి గోడ మీద అదే చేసి చూపిచ్చిండు. వెయ్యేండ్ల కింద కుందూరు చోడ రాజుల కాలంల కట్టినోళ్ళు నా కొడుకుతోని సైన్సు చదివిచ్చిన్రు. నాకు అంతకన్నా ఏం కావాలె.

అక్కడ్నే పచ్చల సోమేశ్వరం ఉంది, దాని గోడల మీద రామాయణం, భారతం బొమ్మలు, మ్యూజియం కూడ ఉంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి పండుకున్నం, సాయంత్రం ఉదయసముద్రం చెరువు కట్ట మీద గాలికి కూసున్నం. కృష్ణ నీళ్ళే చూపియ్యాలె అంటే రైతన్నా, ఉదయసముద్రంల ఉన్నవి కూడ కృష్ణ నీళ్ళే, పుట్టంగండి కాడ సాగర్ వెనక నీళ్ళను మోటర్లతోని ఎత్తి కాల్వల తెస్తరు. బోరు నీళ్ళల్ల ఫ్లోరైడుతోని నడుములు వంగిన జిల్లా మనది, ఆ నీళ్ళ ముచ్చట పిల్లలకు చెప్పాలంటే కట్ట మీద నెమ్మదిగ కూసోనైనా చెప్పొచ్చు.

ఎడమకాల్వ_రైతు

అక్కా బాత్రూముల సంగతి, పొద్దుగాల లేచే సంగతి మీరు చెప్పింది నిజం, నేను దాని మీద మాట్లాడలేను. మా ఇంట్ల సద్ది మా అమ్మ, నా భార్య ఇద్దరు కలిసి కడతరు, నేను ఎన్నడూ ఆలోచించలే. కాని ఉదయసముద్రం చూసుడు, గేట్ల నుంచి దుంకే నీళ్ళు చూసుడు ఒక్కటి కాదక్కా.

కొత్తూరు_తమ్ముడు

అందరూ గుళ్ళు, డ్యాములు అంటున్నరు గాని పిల్లల్ని అడిగి చూడున్రి, వాళ్ళు కోరేది స్విమ్మింగ్ పూల్. హైదరాబాద్ పోయే తొవ్వల రిసార్టులు మస్తున్నయి, ఒక రాత్రి ఉంటె పూలు, టిఫిను, ఆటలు అన్నీ ఒక్క జాగల. మా అక్క పిల్లలు అట్ల పోయి వచ్చి నెల రోజులు దాని ముచ్చటనే. అమ్మలకు కూడ వంట తప్పుతది కదా.

నల్లగొండ_నాన్న

తమ్మీ నీ మాటల నిజం ఉంది, పిల్లలకు నీళ్ళల్ల ఆడుడే పండుగ. కాని ఒక్క రాత్రికి నలుగురికి అయ్యే పైసలతోని మాది నెల కిరాణా వెళ్తది. ఏడాదికి ఒకసారి అయితే సరే. నేను అడిగేది రెండు మూడు నెలలకోసారి పోయి వచ్చేటట్టు, అప్పు చెయ్యకుండ ఎట్ల అని.

పాలమూరు_కోడలు

నేను పుట్టింది నల్గొండ సైడు, ఇచ్చింది మహబూబ్‌నగర్, కాబట్టి రెండు దిక్కులా చూసిన. గేట్లే చూడాలంటే సాగర్ దాంక ఎందుకు, జూరాల పోండి. వరద ముందు మాకే వస్తది, శ్రీశైలం నిండకముందే మా కాడ గేట్లు లేస్తయి. సాగర్ అంత ఎత్తు లేదు గాని పొడుగ్గా వరుసగ గేట్లు ఉంటయి, పిల్లలకు దగ్గరగ కనపడతయి. ఆడ అప్పుడే పట్టిన చేపలు వేయించి ఇస్తరు, మా మామయ్య దానికోసమే వస్తడు. జూరాల కూడ ఆదివారం రద్దీనే, అది కూడ చెప్పాలె.

కాని మా పిల్లలకు అన్నిటికన్న బాగ గుర్తున్నది పిల్లలమర్రి. మహబూబ్‌నగర్ టౌను నుంచి నాలుగు కిలోమీటర్లు. 700 ఏండ్ల మర్రిచెట్టు, మూడెకరాల దాంక ఊడలు. 2017 డిసెంబర్ల పెద్ద కొమ్మ విరిగి పడ్డది, చెదలు పట్టింది అని తేలింది, లోపలికి రానియ్యకుండ బంద్ పెట్టిన్రు. తర్వాత ఏడాది ఆ చెట్టుకు మనుషులకు ఎక్కిచ్చినట్టు సెలైన్ బాటిళ్ళు కట్టి, చుక్క చుక్క మందు ఎక్కిచ్చిన్రు. మా చిన్నది అప్పుడు బడిల టీచర్ చెప్తే విని, చెట్టుకు జ్వరం తగ్గిందా అని రోజూ అడిగేది. మెల్లగ కోలుకున్నంక తీసుకపోతే బయట నుంచే చూసినా చాలనుకున్నది, దండం పెట్టింది. ముట్టుకోవద్దు, దూరంగ చూడాలె అన్నది వాళ్ళకు మనం నేర్పియ్యలే, ఆ చెట్టే నేర్పిచ్చింది.

రెండు రోజులు, కొంచెం పెద్ద పిల్లలు అయితే సోమశిల బాగుంటది, కొల్లాపూర్ నుంచి 10 కిలోమీటర్ల లోపే. శ్రీశైలం నీళ్ళల్ల మునిగే గుళ్ళను రాయి రాయి విప్పి తెచ్చి పైన మళ్ళ కట్టిన్రు. నల్లమల లోపలికి పోతే మాత్రం సాయంత్రం లోపు తిరిగి రావాలె, శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 దాంక గేటు మూస్తరు, ప్లాస్టిక్ బాటిళ్ళు రానియ్యరు. నాలుగేండ్ల బాబుకు మల్లెలతీర్థం జలపాతం వద్దు, వందల మెట్లు దిగాలె, ఎక్కేటప్పుడు వాణ్ణి మీరే మోయాలె.

హాలియా_సెంటర్

మాది ఆ తొవ్వల్నే దుకాణం. గేట్లు ఎత్తిన ఆదివారం మా ముందట కార్లు ఆగి, పిల్లలు ఏడ్సుకుంట దిగి నీళ్ళడుగుతరు, నేను ఏటా చూస్తున్న. అందుకే చెప్తున్న, ఇద్దరి మాటల కూడ తప్పు లేదు, రోజే తప్పు. గేట్లు ఒక్క పూటకు ఎత్తి దించరు, వరద మంచిగుంటె రోజుల తరబడి తెరిసే ఉంటయి. మంగళవారం, బుధవారం వస్తే బ్రిడ్జి మీద నిమ్మళంగ నడుసుకుంట పోవచ్చు. పిల్లలకు ఒక్క రోజు బడి పోతే ఏమైతది? ఎన్ని గేట్లు లేపిన్రో ముందే కనుక్కొని రావాలె, రెండే లేపినప్పుడు వచ్చి అలిగినోళ్ళను కూడ చూసిన.

గేట్లు లేకున్నా సాగర్ ఊరికే లేదు. చలికాలంల రండి. బుద్ధవనం 2022ల తెరిసిన్రు, 274 ఎకరాలు. బుద్ధుని పూర్వజన్మల జాతక కథలు రాతి మీద చెక్కి పెట్టిన్రు, ఒక్కొక్క బొమ్మ కాడ ఆగి కథ చెప్తే పిల్లలు కదలరు. శ్రీలంకల ఉన్న బుద్ధుని విగ్రహం అచ్చు, 27 అడుగులది, దాని కాళ్ళ కాడ నిలబడి పిల్లలు ఎత్తు చూసుకుంటరు. లాంచీల నీళ్ళ నడిమి నాగార్జునకొండ పోవాలంటే శుక్రవారం పెట్టుకోకున్రి, మ్యూజియం సెలవు. ఎత్తిపోతల జలపాతం ఇంకో 11 కిలోమీటర్లు అవతల, ఆంధ్ర దిక్కు.

ఇద్దరికి_అమ్మ

హాలియా అన్నా, బడి ఒక్క రోజు పోతే ఏం కాదు, నిజమే, కాని నాకు డ్యూటీ, ఆయనకు డ్యూటీ. రోజు కూలికి పోయేటోళ్ళ సంగతి ఇంకా కష్టం. ఆదివారం తప్ప దొరకని ఇండ్లే ఎక్కువ. అందుకే నేను పానగల్లు అనేది, అది ఆదివారం కూడ పిల్లలకు ఖాళీగ దొరుకుతది.

ఎడమకాల్వ_రైతు

ఇందాకటి నుంచి ఆలోచిస్తున్న. నాలుగేండ్లోడు ఉన్నప్పుడు ఆదివారం వద్దు, ఇది ఒప్పుకుంటున్న. కాని గేట్లే వద్దంటే ఒప్పుకోను. అన్నా, మీ పాప గీతలు గీసుకొని వచ్చిందన్నవ్ కదా, ఆ మాట చదివినంక నాకు నిద్ర పట్టలే. ఆ బిడ్డకు 26 చూపియ్యాలె. చిన్నోణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలి బిడ్డను ఒక్కదాన్ని తీసుకరా, బైకు మీద. మిర్యాలగూడ దిక్కు నుంచి నేనూ వస్త, మా ఇంటి సద్ది, ఈసారి నేనే కడత.

నల్లగొండ_నాన్న

రైతన్నా, చదివి మా ఆమెకు చూపిచ్చిన. ఆమె, చిన్నోణ్ణి నేను చూసుకుంట, ఆ రోజు నేనూ వాడూ పానగల్లు పోతం, మీరు ఇద్దరు పోయి రండి అన్నది. చిన్నోనికి ఛాయా సోమేశ్వరం చూపించాలని ఆమెకు ఇప్పుడు నాకన్నా ఎక్కువ పట్టుదల.

ఆదివారం పిల్లలతోని సాగర్ వద్దనే మాట మీద నేను ఇంకా ఉన్న. లీవు అడిగిన, గేట్లు లేచిన తర్వాత వచ్చే బుధవారం ఇస్తమన్నరు. నోట్‌బుక్కు బిడ్డ దాచిపెట్టుకున్నదంట, అడిగితే తీసి చూపిచ్చింది, 11 టిక్కులు, మిగిలిన 15 గీతలు అట్లనే ఉన్నయి. హాలియా అన్నా, పొద్దుగాల 6 గంటలకు మీ దుకాణం తెరిసి ఉంటదా? చాయ దొరుకుతదంటే ఆడ్నే ఆగుతం.