వేడి స్టార్చ్‌లో అయోడిన్ వేస్తే నీలం రంగు ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: 1 శాతం స్టార్చ్ ద్రావణాన్ని మరిగించి, వేడిగా ఉండగానే అయోడిన్ చుక్కలు వేస్తే నీలం రావట్లేదు. చల్లారాక వస్తోంది. మొక్కల కణ గోడల్లో ఉండే సెల్యులోజ్‌లోనూ గ్లూకోజే కదా, దానికి అసలు నీలమే రాదు. కారణం చెప్పగలరా?

జవాబు 1: రంగు గ్లూకోజ్ వల్ల కాదండి, గొలుసు ఆకారం వల్ల. స్టార్చ్‌లోని అమైలోజ్ అనే కొమ్మలు దాదాపు లేని గొలుసులో గ్లూకోజ్‌లు ఆల్ఫా-1,4 బంధాలతో (ఒకదాని 1వ కార్బన్ పక్కదాని 4వ కార్బన్‌తో) కలుస్తాయి. దాంతో గొలుసు స్ప్రింగులా చుట్టుకుంటుంది, ఒక్కో చుట్టుకు సుమారు 6 గ్లూకోజ్‌లు. ఆ చుట్ల లోపలి ఖాళీలో అయోడిన్ వరుసగా చేరితేనే ముదురు నీలం. వేడికి చుట్లు వదులై అయోడిన్ బయటికొచ్చేస్తుంది, చల్లారితే మళ్లీ చేరుతుంది. అయోడిన్ వేశాక ఎక్కువసేపు మరిగిస్తే మాత్రం అది ఆవిరైపోతుంది, అప్పుడు చల్లార్చినా రంగు రాదు.

సెల్యులోజ్‌లో ఉన్నవి బీటా-1,4 బంధాలు. ప్రతి గ్లూకోజ్ పక్కదానికి తలకిందులుగా ఉంటుంది. గొలుసు నిటారుగా సాగి, పక్క గొలుసులతో హైడ్రోజన్ బంధాలు ఏర్పరుస్తుంది. అయోడిన్ దూరడానికి చుట్లే లేవు. స్టార్చ్‌ను జీర్ణం చేసే మన అమైలేజ్ ఎంజైమ్ సెల్యులోజ్‌ను తెంచలేకపోవడానికీ ఈ బీటా బంధమే కారణం.

జవాబు 2: ద్రావణాలు కూడా చూసుకోండి. అయోడిన్ ఒట్టి నీళ్లలో సరిగా కరగదు. 2 గ్రాముల పొటాషియం అయొడైడ్‌ను కొద్ది నీళ్లలో కరిగించి, అందులో 1 గ్రాము అయోడిన్ కలిపి, 100 మి.లీ.కి పెంచండి. స్టార్చ్ పొడిని నేరుగా మరిగే నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. ముందు చన్నీళ్లలో కలిపి పోయాలి. ద్రావణం క్షారంగా ఉన్నా నీలం రాదు, క్షారంతో చర్య జరిపి అయోడిన్ ఖర్చైపోతుంది.

జవాబు 3: ఎరుపు కలిసిన ఊదా వస్తే అమైలోపెక్టిన్ (స్టార్చ్‌లోనే ఉండే కొమ్మల గొలుసు) ఎక్కువుందని అనుకోవచ్చు. దానికి 24–30 గ్లూకోజ్‌లకో కొమ్మ ఉంటుంది, పొడవాటి చుట్లు ఏర్పడవు. జంతువుల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్‌లో కొమ్మలు ఇంకా దగ్గర, అందుకే ఎర్రటి గోధుమరంగు.