ఇళ్ల స్థలాలకు మూడు చోట్లు చూపారు: రాకపోకల భారాన్ని ఎలా పోల్చాలి?

ప్రశ్న: వార్డు సభ్యుడు, గోదావరి డెల్టా

నమస్కారం. మాది డెల్టాలో సుమారు నాలుగు వేల జనాభా ఉన్న గ్రామం. సొంత ఇల్లు లేని 120 కుటుంబాలకు స్థలాలు ఇవ్వవలసి ఉంది. గ్రామాల్లో కుటుంబానికి 3 సెంట్లు ఇవ్వాలన్నది ఇప్పటి రాష్ట్ర ప్రభుత్వ విధానం కనుక ఇళ్లకే 3 ఎకరాల 60 సెంట్లు కావాలి. వీధులు, మురుగు కాలువలు, ఉమ్మడి స్థలం కలుపుకొంటే దాదాపు 6 ఎకరాలు అవుతుంది.

మూడు చోట్లు పరిశీలనలో ఉన్నాయి. మొదటిది ఊరిని ఆనుకొని ఉన్న వరి చేను. రామాలయం సెంటరుకు పటం మీద 400 మీటర్లే అయినా మధ్యలో మురుగు కోడు ఉంది. చేను వీధుల కంటే దాదాపు మీటరు పల్లంలో ఉంది, పైగా కొనవలసిన భూమి. రెండవది ఊరికి రెండున్నర కిలోమీటర్ల దూరంలో జాతీయ రహదారికి అవతలి పక్కన ఉన్న ప్రభుత్వ భూమి. దానికి రూపాయి ఖర్చు లేదు, మెరకగానే ఉంది. మూడవది మండల కేంద్రానికి వెళ్లే కాలువ గట్టు రోడ్డు మీద, ఊరికి 1.2 కిలోమీటర్ల దూరంలో ఉంది. దీనిని కూడా కొనవలసిందే.

మా ఊరిలో ప్రాథమిక పాఠశాల, అంగన్‌వాడీ, సచివాలయం, చౌక ధరల దుకాణం, పాల కేంద్రం ఉన్నాయి. హైస్కూలు, ఆసుపత్రి, సంత మండల కేంద్రంలో ఉన్నాయి. గ్రామసభలో చాలామంది రెండవ చోటువైపు మొగ్గుతున్నారు. “పెద్ద రోడ్డు పక్కనే కదా, రాకపోకలకు లోటేముంది?” అన్నది వారి వాదన. ఇంధన ఖర్చు, నడక, భద్రత అన్నీ చూసి, నలుగురికీ చూపించగలిగేలా ఈ మూడింటినీ పోల్చే పద్ధతి ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: పంచాయతీరాజ్ విభాగంలో పనిచేసి విరమణ పొందిన ఇంజినీరు

గ్రామసభ జరగకముందే అడిగినందుకు సంతోషం. పట్టాలు పంచిన తరువాత ఈ ప్రశ్న ఎవరు అడిగినా చేయగలిగింది తక్కువ.

“పెద్ద రోడ్డు పక్కన” అన్న మాటతోనే మొదలుపెడదాం. రోడ్డు దగ్గరగా ఉండడం వేరు, మనిషి వెళ్లవలసిన చోటు దగ్గరగా ఉండడం వేరు. జాతీయ రహదారిని దూరప్రయాణపు వాహనాల కోసం నిర్మిస్తారు. మధ్యలో డివైడరు ఉంటే అవతలి పక్క నుంచి ఊరికి రావడానికి డివైడరు తెరిచి ఉన్న చోటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి, లేదా వేగంగా వస్తున్న లారీల మధ్య అడ్డంగా దాటాలి. జనం సాధారణంగా రెండవదే చేస్తారు, ఎందుకంటే చంకలో బిడ్డ, నెత్తిన బియ్యం మూట ఉన్న మనిషి అర కిలోమీటరు చుట్టూ తిరగదు. అక్కడ అండర్‌పాస్ ఉందో లేదో, లేకపోతే మంజూరైందో లేదో ముందు తేల్చుకోండి. లేదంటే, నా దృష్టిలో, ఆ స్థలాన్ని పోలికలో నుంచే తీసివేయాలి.

ఇక పద్ధతి. స్థలం నుంచి రోడ్డుకు కాదు, స్థలం నుంచి పనికి కొలవాలి. ఒక కుటుంబం రోజుకు ఎన్నిసార్లు, ఎక్కడెక్కడికి, ఏ వేళలో, ఎవరెవరు వెళ్తారో ఇరవై ఇళ్లలో అడిగి రాసుకోండి. చట్టాలలోనే కొన్ని కొలమానాలు ఉన్నాయి. విద్యాహక్కు చట్టం కింద 2010లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు బడి కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపు నడక దూరంలో ఉండాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోటు ఊరికి 5 కిలోమీటర్లు దాటితే కూలిలో పది శాతం అదనంగా ఇవ్వాలన్నది. దూరానికి ధర ఉంటుందని, ఆ ధరను పేదవాడి మీద వేయకూడదని చట్టమే ఒప్పుకున్నది కదా.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఇవి నా అంచనాలే, మీ ఊరి అంకెలు వేసి మార్చుకోండి. రెండవ చోట ఒక్కో కుటుంబం రోజుకు రెండుసార్లు మోటారు సైకిలు మీద ఊరికి వచ్చి వెళ్తుందనుకుందాం. అది 10 కిలోమీటర్లు, 120 కుటుంబాలకు కలిపి 1,200 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్ల చొప్పున రోజుకు 24 లీటర్ల పెట్రోలు, ఏడాదికి 8,760 లీటర్లు. లీటరు 110 రూపాయలనుకుంటే ఏడాదికి దాదాపు 9 లక్షల 64 వేల రూపాయలు, ఇరవై ఏళ్లకు ఒక కోటి 93 లక్షలు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక ఏడాదికి 20 టన్నులు. ఖర్చు లేదనుకున్న భూమికి ధర ఇది. పంచాయతీ చెల్లించదు, జిల్లా అధికారులు చెల్లించరు; ఇల్లు లేదని దరఖాస్తు పెట్టుకున్న ఆ 120 కుటుంబాలే విడతలవారీగా చెల్లిస్తాయి.

దారి ఎలా ఉందో కూడా చూడాలి. సాధారణంగా మన గ్రామీణ రోడ్లకు 3.75 మీటర్ల తారు, రెండు పక్కలా బెర్ములు, అంటే మట్టి అంచులు, ఉంటాయి. బెర్ములు కోసుకుపోయినా, కంప పెరిగినా నడిచేవారు తారు మీదికే వస్తారు. దీపాలు లేని గట్టు రోడ్డు మీద సాయంత్రం ఏడు తరువాత ఒక కిలోమీటరు ఎంత దూరమో టేపు చెప్పదు. కాబట్టి మూడు దారులనూ ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి బడి వదిలే వేళ, ఒకసారి చీకటి పడ్డాక నడవండి. మీరొక్కరే కాకుండా ఒక ముసలమ్మను, రెండో తరగతి పిల్లవాడిని వెంట తీసుకువెళ్లండి.

సమాధానం: స్వయం సహాయక సంఘ సభ్యురాలు

ఇంజినీరు గారు చెప్పిన లెక్కను బతికి చూసినదానిని కనుక రాస్తున్నాను. అయిదేళ్ల క్రితం మాకు ఊరికి మూడు కిలోమీటర్ల అవతల స్థలం ఇచ్చారు. అప్పు చేసి ఇల్లు కట్టుకున్నాం. మా వరుసలో పదకొండు ఇళ్లు పూర్తయ్యాయి, ఈ రోజు వాటిలో నాలుగింటిలోనే పొయ్యి వెలుగుతోంది. మిగిలినవారు తాళం వేసి ఊరిలోకే వెళ్లి మళ్లీ అద్దెకు ఉంటున్నారు. ఇల్లు చెడ్డదని కాదు, అక్కడి నుంచి బతకలేక.

పెట్రోలు లెక్కలో మగవారి బండి కనబడుతుంది, బండి లేని ఆడవారి నడక కనబడదు. మాలో చాలామందికి బండి నడపడం రాదు. ఊడ్పులకు, కలుపులకు వెళ్లే కూలి ఆటో తెల్లవారి అయిదున్నరకు ఊరి సెంటరులో బయలుదేరుతుంది. నలుగురి కోసం మూడు కిలోమీటర్లు వెనక్కి రావడానికి ఆటో అతను ఒప్పుకోడు, అతని డీజిలు అతనిది. అందుకని నాలుగున్నరకు లేచి వంట ముగించి చీకట్లో నడిచేవాళ్లం. ఒక రోజు ఆలస్యమైతే ఆ రోజు కూలి పోయినట్లే. రెండు మూడుసార్లు అలా జరిగితే మేస్త్రి మా స్థానంలో ఊరిలో ఉన్నవారిని పిలుచుకోవడం మొదలుపెట్టాడు. దూరం వల్ల మాకు పోయింది చార్జీ డబ్బులు మాత్రమే కాదు, పని కూడా.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవారికి పల్లెవెలుగు బస్సులలో ఉచిత ప్రయాణం వచ్చింది. ఊరిలో ఉన్న నా చెల్లెలు ఆసుపత్రికి, సంతకు, పుట్టింటికి రూపాయి లేకుండా వెళ్లి వస్తున్నది. మా కాలనీకి బస్సే రాదు కనుక ఊరి దాకా ఆటోకు ఇరవై, తిరిగి ఇరవై ఇచ్చి ఆ ఉచిత బస్సు ఎక్కవలసి వస్తున్నది. స్థలం ఎంపిక చేసేవారు ఈ ఒక్క విషయం ఆలోచించినా చాలు. బస్సు ఆగని చోట ఇల్లు ఇస్తే ఆ మేరకు ఇంకొక పథకాన్ని వెనక్కి తీసుకున్నట్లే.

అయ్యా, ఇరవై ఇళ్లలో అడిగేటప్పుడు ఇంటి యజమానిని కాకుండా ఇంటి ఆడవారిని అడగండి. పాలు పోయడానికి, పిల్లను అంగన్‌వాడీలో దింపడానికి, మందుబిళ్లలకు, చౌక దుకాణంలో సరుకు అయిపోక ముందు వెళ్లడానికి రోజుకు ఎన్నిసార్లు తిరుగుతామో మాకే తెలుసు.

సమాధానం: బస్సు డిపోలో ట్రాఫిక్ విభాగంలో పనిచేసినవారు

ఇంజినీరు గారి పద్ధతితో ఏకీభవిస్తున్నాను, కానీ మొదటి చోటే మంచిదన్న అభిప్రాయం ఎవరికైనా కలుగుతుంటే కాస్త ఆగమని కోరుతున్నాను. మూడవ చోటును ఇంతవరకు ఎవరూ సరిగా చూడలేదు.

డిపోవారు కొత్త కాలనీకి బస్సు వేయాలంటే మూడు విషయాలు అడుగుతారు: దారి మళ్లించాలా, బస్సు తిరగడానికి చోటు ఉందా, అక్కడ ఎక్కేవారు ఎందరు. రెండవ చోటుకు దారి మళ్లించాలి. ప్రతి ట్రిప్పుకూ అదనంగా అయిదు కిలోమీటర్లు పడితే, ఉన్న ప్రయాణికులు విసుగుచెంది ఆటోలెక్కుతారు, ఆదాయం తగ్గుతుంది, కొన్నాళ్లకు ట్రిప్పే రద్దవుతుంది. రహదారి మీద వెళ్లే ఎక్స్‌ప్రెస్ బస్సులు చేయి ఎత్తినంత మాత్రాన ఆగవు. మూడవ చోటు మాత్రం ఇప్పటికే నడుస్తున్న దారి మీద ఉంది. ఊరికి, మండల కేంద్రానికి మధ్య తిరిగే బస్సు ఒక్క కిలోమీటరు కూడా అదనంగా తిరగనక్కరలేదు, ఆగితే చాలు. పైగా 120 కుటుంబాల ప్రయాణికులు చేరితే ఊరివారికి కూడా ట్రిప్పులు నిలబడతాయి. హైస్కూలు పిల్లలు మండల కేంద్రం వైపే వెళ్లాలి కనుక ఊరిలో ఉన్నవారి కంటే వీరికే సైకిలు దూరం తక్కువ.

లోటు కూడా చెబుతాను. కాలువ గట్టు రోడ్డుకు ఒక పక్క నీళ్లు ఉంటాయి. రక్షణ గోడ లేకుండా చిన్నపిల్లలను ఆ దారిన బడికి పంపడం నాకు సమ్మతం కాదు. ప్రాథమిక పాఠశాలకు 1.2 కిలోమీటర్లు అంటే కిలోమీటరు నిబంధన కూడా దాటుతుంది.

సమాధానం: కౌలు రైతు

ఒక సందేహం. మొదటి చోటును మెరక చేయడానికి వందలాది లారీల మట్టి తోలాలి. ఆ డీజిలు ఎవరి లెక్కలోకి వస్తుంది? నడిచి వెళ్లవచ్చని పొగడుతున్న చోటుకు ముందే అంత పొగ కక్కించడం సమంజసమా?

సమాధానం: ఇంజినీరు

మంచి ప్రశ్న, నేను వదిలివేయకూడని లెక్క. వందలాది కాదు, వేలాది. 6 ఎకరాలు అంటే దాదాపు 24,300 చదరపు మీటర్లు. మీటరు ఎత్తు లేపాలంటే సుమారు 24,000 ఘనపు మీటర్ల మట్టి కావాలి. 10 ఘనపు మీటర్లు పట్టే టిప్పరుకు 2,400 ట్రిప్పులు. మట్టి పది కిలోమీటర్ల దూరం నుంచి వస్తే రానూపోనూ మొత్తం 48,000 కిలోమీటర్లు. లీటరుకు నాలుగు కిలోమీటర్ల చొప్పున 12,000 లీటర్ల డీజిలు, లీటరుకు సుమారు 2.7 కిలోల లెక్కన 32 టన్నుల కార్బన్ డయాక్సైడ్.

రెండవ చోట మోటారు సైకిళ్లు ఏడాదికి 20 టన్నులు వదులుతాయని పైన చూశాం. అంటే మట్టి తోలకపు భారం ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్ల రాకపోకలకు సమానం. ఇది ఒక్కసారితో ముగుస్తుంది, అది ఇళ్లు ఉన్నంతకాలం సాగుతుంది. కానీ ఒక జాగ్రత్త: వర్షపు నీరు ఆ చేను మీదుగా కోడులోకి దిగుతున్నట్లయితే, మెరక చేసిన తరువాత ఆ నీరు పక్క రైతు చేలోకి వెళ్తుంది. నీటి దారి చూడకుండా మట్టి పోయవద్దు.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. గత ఆదివారం, సోమవారం మూడు దారులూ నడిచాము. మాతో ఒక పెద్దావిడ, రెండో తరగతి చదివే అమ్మాయి వచ్చారు.

మొదటి చోటు పటంలో 400 మీటర్లు, కాలికి 900 మీటర్లు! కోడు మీద వంతెన ఊరి చివర ఒక్కచోటే ఉండడం దీనికి కారణం. రామాలయం వీధి చివర నడక వంతెన వేస్తే అది 450 మీటర్లకు తగ్గుతుంది. ఆ అమ్మాయి నడకకు మేము ఎనిమిది నిమిషాలుగా అంచనా వేశాము. రెండవ చోట అండర్‌పాస్ లేదు, మంజూరు కూడా కాలేదు. రహదారి దాటడానికి చీకట్లో మేము ఆరు నిమిషాలు నిలబడ్డాము, పెద్దావిడ దాటనని వెనక్కి తిరిగారు. మూడవ దారిలో 300 మీటర్ల మేర గట్టుకు రక్షణ లేదు, ఒక్క దీపం కూడా లేదు.

అమ్మగారు చెప్పినట్లు ఇరవై రెండు ఇళ్లలో ఆడవారిని అడిగాము. పదిహేను ఇళ్లలో రోజుకు నాలుగు లేదా అంతకంటే ఎక్కువసార్లు ఊరి సెంటరుకు వచ్చే పని ఉంది. మగవారు చెప్పిన సంఖ్య ఇందులో సగమే.

మొదటి చోట నీరు దిగే దారికి రెండు ఎకరాలు వదిలితే నాలుగు ఎకరాలే మిగులుతాయి, 80 కుటుంబాలకు సరిపోతుంది. పసిపిల్లలు, వృద్ధులు, వికలాంగులు ఉన్న కుటుంబాలను అక్కడ ఉంచాలని, మిగిలిన 40 కుటుంబాలకు మూడవ చోట రెండు ఎకరాలు తీసుకోవాలని తీర్మానం రాశాము. నడక వంతెన, గట్టుకు రక్షణ గోడ, దీపాలు, బస్సు ఆగే చోటు పూర్తికాకుండా పట్టాలు పంచరాదన్న షరతును మొదటి పేరాలోనే పెట్టాము. పెట్రోలు లెక్క, మట్టి లెక్క రెండూ పెద్ద అక్షరాలతో అట్ట మీద రాయించి సచివాలయం గోడకు తగిలించాము. గ్రామసభ వచ్చే గురువారం సాయంత్రం నాలుగింటికి. కూలికి వెళ్లినవారు అప్పటికి తిరిగిరారని ఒకావిడ చెప్పడంతో దానిని ఆరింటికి మార్చమని సర్పంచి గారిని కోరాను, అంగీకరించారు.